ఆళ్లగడ్డకు తెచ్చిన ఉప్పునీళ్లు

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. నాకు ఆళ్లగడ్డ బడికి బదిలీ అయింది. నీ సముద్రపు చేపల తొట్టిని నంద్యాల నుంచి ఈడికి తెచ్చుకున్నా.

"ఉప్పునీళ్లు మోసుకొని యాడికి పోతావమ్మీ? కుందూలో పారబోసి పో" అన్నాడు చిన్నాయన. ఏటి నీళ్లలో అవి చస్తాయని చెప్పినా. "చేపలే గదా, చస్తే చావనీ" అన్నాడు. "నా చేతుల్తో చంపను" అని చెప్పి, నేనే పోయి లారీ మాట్లాడుకున్నా.

తొట్టిలో నీళ్లు ప్లాస్టిక్ బిందెలకెత్తి, చారల చేపలు రెండింటినీ, అవి దాక్కునే పగడపు రాయినీ వాటిలోనే పెట్టినా. లారీ వెనక కూర్చొని, నీ సైకిలు పంపుతో దారిపొడుగునా నీళ్లలోకి గాలి కొడుతూనే ఉన్నా.

"ఏందమ్మా, చేపలకు గాలి కొడతాండావా?" అని డ్రైవరు నవ్వినాడు.

"నవ్వుకోప్పా. గతుకులు మాత్రం చూసి తోలు" అన్నా.

ఈడ బాడుగింటి ఓనరు గడపకు అడ్డం నిలబడి, "ఉప్పుకు నేల చెడిపోతాది" అన్నాడు. "చెడితే నేనే బాగు చేయిస్తా, జరుగప్పా" అని తొట్టి లోపల పెట్టించినా.

ఒక చేప దారిలోనే పోయింది. రెండోది రాయి వెనకనే ఉండి ఉండి, ఈ పొద్దు బయటికొచ్చి మేత తినింది.

లారీలో నీళ్లు చానా ఒలికినాయి. నువ్వున్నన్నాళ్లూ ఒంగోలు పోయి సముద్రం నీళ్లు తెచ్చింది నువ్వే. ఈ ఏడాదంతా నువ్వు దాచిపెట్టిన నీళ్లతోనే నెట్టుకొచ్చినా. నేను సముద్రాన్ని ఒకసారన్నా చూడలేదు. "ఆడపిల్లవు, ఒక్కదానివే ఆడికెట్లా పోతావ్?" అంటాండాడు చిన్నాయన.

నువ్వు సముద్రం నీళ్లు తెచ్చే క్యాన్లు కడిగి పెట్టినా నాయనా. ఆదివారం పోతాండా.