గాలి కోసం జరిపిన మిషను

వదినా,

ఇది నీ కుట్టుమిషను సొరుగులో పెడుతున్నాను. ఎదురుగా చెబితే నవ్వుతావు, నవ్వితే నీకే ప్రమాదం.

ఇన్నాళ్లూ నా మీద అలిగావనుకున్నాను. నేనెంత వేళాకోళమాడినా పెదవి బిగించుకుని కూర్చుంటున్నావు. మంచినీళ్లు ముట్టవు. గాలి కోసమంటూ మిషను తలుపు దగ్గరికి జరిపించావు. ఆ తలుపు అవతల ఉన్నది గాలి కాదు తల్లీ, బాత్రూము.

పోయిన నెల గట్టిగా తుమ్మితే నాకూ చీర తడిసింది. నీ గాలి సంగతి అప్పుడు తెలిసొచ్చింది.

ముట్లు ఆగాక కింద పొడిబారడం, మంట, మూత్రం ఆపుకోలేకపోవడం చాలామందికి ఉండేవేనట. నీళ్లు మానేస్తే మంట ఇంకా ఎక్కువవుతుందని డాక్టరమ్మ నన్ను కోప్పడింది. లోపల రాసుకునే క్రీము ఇచ్చింది. కింది కండరాలు బిగించి వదిలే కసరత్తు నేర్పింది. అది మిషను తొక్కుతూ చేస్తుంటేనే నిన్న నువ్వు, "ఆ మొహమేమిటే, సూది గుచ్చుకుందా?" అన్నావు. నవ్వుకో, నాకిప్పుడు తుమ్మంటే భయం తగ్గింది.

నా క్రీము మాత్రం అడక్కు. నీకేది పనికొస్తుందో ఆవిడే చూసి చెప్పాలి. నిన్ను తీసుకుని గురువారం రమ్మంది. గుండీలు కొనడానికి వెళ్తున్నామని అన్నయ్యతో చెప్పాను, వచ్చేటప్పుడు నిజంగానే కొందాం.

నువ్వు నవ్వడం మానేశాక మన కొట్లో మిషన్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు, వదినా.

నీ ఆడపడుచు