ముందు నీళ్ళు, తరవాత పాలు

రాజమహేంద్రవరం, మంగళవారం.

అమ్మా, పాపా నేనూ బాగున్నాం. ఫోన్లో చెప్పబోతే ఏడ్చి పెట్టేస్తున్నావు, అందుకే కార్డు రాస్తున్నాను. రెండుసార్లు చదువుకో.

"నా చెయ్యి దీనికి అచ్చిరాలేదు" అని పాపని ముట్టుకోవడమే మానేశావు. పాలు కక్కడానికి కారణం నీ చెయ్యి కాదని ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మగారు చెప్పారు. పాలు వెనక్కి రాకుండా పొట్ట పైన మూసుకునే కండ ఇంకా గట్టిపడలేదట. ఏడాది నిండేసరికి సర్దుకుంటుందట. మనమేమో పాలు పట్టగానే కాళ్ళ మీద పడుకోబెట్టి, నూనె రాసి నీళ్ళు పోసేవాళ్ళం. డాక్టరమ్మగారి ఎదురుగానే పాలు పట్టి, ఆవిడ చెప్పినట్టు పాపని భుజాన నిలబెట్టుకున్నాను. అది త్రేన్చిన చప్పుడుకి ఓపీలో అందరూ తిరిగి చూశారు! అరగంటైనా చుక్క కక్కలేదు. వారంలో నూట యాభై గ్రాములు పెరిగింది కూడా.

ఉప్పుచేపలు ఎండాయా? నా పాత నూలు చీర ఒకటి ఉతికి ఉంచు, భుజాన వేసుకోవాలి. నాన్న మోకాలికి కాపడం మానొద్దు. ఆయనకి నా దణ్ణాలు.

"కాళ్ళ మీద నీళ్ళు పోయడం మానెయ్యాలాండీ?" అని డాక్టరమ్మగారిని అడిగాను. "ఎందుకమ్మా మానడం? ముందు నీళ్ళు పోసి, తరవాత పాలు పట్టండి" అన్నారావిడ.

శనివారం వస్తున్నాం. ఆదివారం పొద్దున్నే నీళ్ళు కాచుకుని, కాళ్ళు చాపుకుని కూర్చో. పాపని తెచ్చి నీ కాళ్ళ మీదే వేస్తాను.

నీ నాగదుర్గ