మెలిక పడిన లుంగీ

ఆదివారం, బాపట్ల

నాన్న తను నేసిన లుంగీకి కొసలు కలిపి కుట్టమన్నారు. నా ధ్యాసంతా రేపు తెనాలిలో గైడ్ సార్‌కి ఇవ్వాల్సిన థీసిస్ మీదే. గుడ్డ మెలిక పడిందని చూసుకోకుండా కుట్టేశాను.

"ఏంటమ్మా ఇది? దీనికి లోపలేది, బయటేది?" అన్నారు.

ఎక్కడ పట్టుకున్నా రెండూ వేరుగానే ఉన్నాయి. వేలు పెట్టి చుట్టూ తిరిగొస్తే మాత్రం లోపలే బయటయింది. లుంగీ పక్కన పడేసి థీసిస్ తెరిచాను.

క్వాంటం కణాలను కొలవకముందే వాటికి స్థిరమైన విలువలుంటాయని అందులో రాశాను. పక్కపక్క కొలతలను జతలుగా సరిచూశాను, అన్నీ కుదిరాయి. చుట్టూ తిరిగి మొదటికొచ్చి చూడనే లేదు. ఇప్పుడు చూస్తే, అవునన్న విలువ తిరిగొచ్చేసరికి కాదంటోంది. నాలుగేళ్ళ పని. సార్‌కి ఏమని చెప్పను...

"కుట్టు విప్పితే పోయేదానికి ఏడుస్తావేంటమ్మా" అన్నారు నాన్న.