బాగానే ఉందండి

విశాఖ, శుక్రవారం

చెల్లీ శ్యామలా, మీరంతా కులాసా అని తలుస్తాను.

ఫోన్‌లో అడిగితే అలవాటుగా బాగానే ఉందనేస్తానని కార్డు రాస్తున్నాను. నా క్యాన్సర్‌కి ఇస్తామన్న కొత్త యాంటీబాడీ మందు మొన్న ఎక్కించారు. మనుషుల మీద పరీక్షించడం ఇదే మొదలట. వణుకొచ్చి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నా, అంత శ్రద్ధగా చూసే నర్సమ్మని కంగారుపెట్టడం ఎందుకని, ఆవిడ ఎలా ఉందని అడిగినప్పుడల్లా "బాగానే ఉందండి" అన్నాను. డాక్టరుగారు చూసి, "మర్యాదకి దాచకండమ్మా. మీరు బాగుందంటే మీ తర్వాత వచ్చేవాళ్ళకి మోతాదు పెంచేస్తాం" అన్నారు. అప్పుడు అన్నీ చెప్పాను. వణుకు తగ్గింది, నీరసం ఉంది. గడ్డ సంగతి ఇంకా తెలియదు.

పెరట్లో కందకి నీళ్ళు పెట్టిస్తున్నావా? మరిదిగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో రాయి. బాగానే ఉందని మాత్రం రాయకు.

అక్క సీతారామలక్ష్మి