జెండా లారీలకి కాదు

తమ్ముడూ,

ఓడరేవు విస్తరణతో మా బతుకులు ఎలా బాగుపడ్డాయో మీ ఆఫీసు పుస్తకానికి నాలుగు ముక్కలు రాయమన్నావు. రాస్తున్నాను, అక్షరం మార్చకు.

నువ్వు చెప్పినట్టే మీ బావకి ఉద్యోగం వచ్చింది. మా వీధి చివర కంటైనర్ లారీల రోడ్డు మీద ఎర్రజెండా పట్టుకుని నిలబడటం. జెండా లారీలకి కాదు, మనుషులకి. లారీలు ఆగితే అభివృద్ధి ఆగిపోతుందట. అందుకని మమ్మల్ని ఆపడానికి మాలోంచే ఒకరిని పెట్టారు. మొదటిరోజే మీ బావ తన కన్నతల్లినే అరగంట ఎండలో నిలబెట్టారు, మహానుభావులు.

నిన్న మధ్యాహ్నం క్యారియర్ పట్టుకెళ్లాను. రోడ్డుకి అటు ఆయన, ఇటు నేను. నన్ను చూడగానే జెండా ఎత్తారు.

"మీకేనండీ, అన్నం!" అని అరిచాను.

"రూలంటే రూలే! ఇంకా నలభై లారీలున్నాయి, ఆగవే!" అన్నారు.

ఆగాను. పదిహేను లారీలు వెళ్లేసరికి నాకూ ఆకలేసింది. అక్కడే గట్టు మీద కూర్చుని, క్యారియర్ విప్పి, ఆయన చూస్తుండగానే ఆఖరి మెతుకు దాకా తినేశాను. ఆయన గుటకలు మింగారే గానీ జెండా మాత్రం దించలేదు.

కాబట్టి ఓడరేవు వల్ల మా ఇంట్లో ఒకరి కడుపు నిండిందని ధైర్యంగా అచ్చు వేయించుకో.

మీ అక్క