సిరి పోతుందని మా ఇంట మూతపడిన కమోడ్

మా వార్డు పెద్ద శ్రీ చువాంగ్ మింగ్-తే గారి సముఖమునకు,
తైనాన్ పాతబజారు, నూడుల్స్ దుకాణం వెనుక సందు కాపురస్తుడు కో వెన్-షెంగ్ నిలబడి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పండుగ మొదటి నాడు పూడిపోయి యున్న కమోడ్‌ను తెరువనిచ్చునట్లు మా అమ్మగారికి తమరు ఉత్తర్వు చేయుట గురించి.

తమకు నూతన సంవత్సర శుభాకాంక్షలు. ఇంతకన్న పొడుగ్గా చెప్పే స్థితిలో లేను, మన్నించవలెను.

1. నిన్న పండుగ భోజనము ముగిసిన పిమ్మట మా ఇంట గల ఏకైక కమోడ్ పనిచేయుట మానినది. ఫ్లష్ నొక్కినచో నీళ్ళు అంచు వరకు లేచి, అక్కడ కాసేపు ఆలోచించుకొని, తీరికగా దిగుచున్నవి.

2. కారణము నేనే విచారించితిని. వంటింటి తొట్టి, స్నానాల గది నేలజాలీ బాగుగనే పారుచున్నవి. కనుక వీధి గొట్టము నిర్దోషి. దోషము కమోడ్ మెడ వంపులోనే యున్నది. కాగితము అడ్డుపడినచో రబ్బరు గిన్నె కర్రతో గట్టిగా నొక్కి లాగగానే కదలవలెను. కదలలేదు. గిన్నెల సబ్బు, గోరువెచ్చని నీళ్ళు పోసితిని. నురుగు వచ్చినది, ఫలితము రాలేదు. నీళ్ళు దిగుచు కాగితము మాత్రము ఆగుచున్నందున, లోపల సందులున్న గట్టి వస్తువేదో అడ్డముగా కూర్చున్నదని నా అభిప్రాయము. నా అభిప్రాయాలు పక్కన పెట్టి తీగ పెట్టి లాగమని మా ఆవిడ లీ-చ్యూ అభిప్రాయము.

3. లాగుటకు మా అమ్మగారు సమ్మతించుట లేదు. మరుగుదొడ్డి తలుపుకు అడ్డముగా వెదురు పీట వేసుకొని కూర్చున్నారు. అక్కడ జరిగిన సంభాషణ యథాతథముగా మనవి చేయుచున్నాను.

"ఇవాళ ఇంట్లోంచి నీళ్ళు బయటికి పోతే సిరి కూడా పోతుందిరా! ఐదో నాటి దాకా ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు."

"అత్తయ్యా, ఐదో నాటికి సిరి ఉంటుందేమో గానీ మేముండం."

"మీ మామగారు బతికుంటే ఇలా ఎదురు చెప్పేదానివా?"

"నాన్నైతే ఈపాటికి గోడ దూకి పక్కింటికి పోయేవాడమ్మా."

మొదటి నాడు ఇల్లు ఊడ్వరాదనీ, నీళ్ళు పారబోయరాదనీ తమకూ తెలుసు, నాకూ తెలుసు. అయితే ఈ నియమము కమోడ్‌కు వర్తించునని నేనెన్నడూ వినలేదు. నిరుడు ఇదే రోజున అమ్మగారే ఫ్లష్ నొక్కగా నేను స్వయముగా విని యున్నాను. ఆ సంగతి గుర్తు చేయగా, ఎర్ర చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకొని నన్ను కుర్రకుంక అన్నారు. నా వయస్సు యాభై దాటినది.

4. పర్యవసానముగా మేమందరము కొత్త ఎర్ర బట్టలు కట్టుకొని గుడి దగ్గరి మరుగుదొడ్డికి పోవుచున్నాము. దారిలో ఎదురైన ప్రతివారూ ఆపి శుభాకాంక్షలు చెప్పుచున్నారు. ఆగకపోయిన మర్యాద కాదు, ఆగిన ప్రమాదము. మిఠాయి కొట్టు లిన్ గారు నా రెండు చేతులూ పట్టుకొని, "ఏంటోయ్ వెన్-షెంగ్, అంత కంగారు? దేవుడెక్కడికీ పోడులే, నిదానంగా వెళ్ళు" అన్నారు. నా కంగారు దేవుని గురించి కాదు.

5. ఇక అసలు బాధ. రేపు రెండవ నాడు, పెళ్ళయిన ఆడపిల్లలు పుట్టింటికి వచ్చు దినము. నా ముగ్గురు అక్కచెల్లెళ్ళు భర్తలతో, పిల్లలతో రావలసి యున్నది. ఈ ఒక్క రోజు కోసము అమ్మ ఏడాదంతా ఎదురు చూచును. ప్రతి యేటా తమరే వచ్చి మా గుమ్మము ముందు అందరికీ ఫోటో తీయుదురు. అట్టి అమ్మ ఈ పొద్దున, "వాళ్ళని రావద్దని ఫోన్ చేసి చెప్పెయ్" అని ముఖము తిప్పుకొన్నది. తాను ఆవిరి మీద వండిన తీపి బియ్యపు రొట్టెను తానే ముట్టలేదు. గంజి తాగి ఊరుకొన్నది. అయ్యా, కమోడ్ సంగతి ఎలా ఉన్నా, అది చూసి నాకు భయం వేసింది. సిరి కోసం కూతుళ్ళని వద్దనుకునే మనిషి కాదు మా అమ్మ.

కావున తమరు వార్డు ఆఫీసు కోటు తొడుగుకొని, స్వయముగా మా ఇంటికి విచ్చేసి, కమోడ్ తెరచుట వలన ఏ సిరీ పోదని మా అమ్మగారి ఎదుట అధికారికముగా ప్రకటించ ప్రార్థన. ఆమె నా మాట వినదు. తమ ఎదుట మాత్రము జుట్టు సవరించుకొనకుండా కూడ నిలబడదు.

ఈ అర్జీని తమరు కూర్చొని చిత్తగించవలెను. ఆ భాగ్యము నాకు లేదు.

తమ విధేయుడు,
కో వెన్-షెంగ్

తా.క.: అయ్యా, ఇవాళ మీరు రానక్కర్లేదు. అర్జీ మడత పెడుతుంటే అమ్మ లాక్కుని చదివింది. మీరు స్వయంగా వస్తారన్న చోట ఆగి, నోటి మీది చేతిరుమాలు తీసేసింది. పైవరస కట్టుడు పళ్ళు లేవు.

"తుమ్మొచ్చిందిరా," అంది. "ఫ్లష్ నొక్కుతూ తుమ్మాను. అల్లుళ్ళ ముందు బోసినోరేసుకుని ఎలా కూర్చోను? ఫోటోలో ఎలా నవ్వను?" అని ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. అయితే నాకు కారణాలు రెండు.

బట్టల హ్యాంగర్ తీగ విప్పి, కొన వంచి లాగాను. వచ్చాయి. లీ-చ్యూ వాటిని సబ్బుతో కడిగి, మందు నీళ్ళలో నానబెట్టి, మళ్ళీ కడిగి, నాకు చూపించి, మళ్ళీ నానబెట్టింది. అమ్మ పెట్టుకుని అద్దంలో చూసుకుంది.

"సిరి అందులోనే ఉందని చెప్పానా లేదా?" అంది నాతో. ఆ వెంటనే చెల్లెలికి ఫోన్ చేసి, "ఇంకా బయల్దేరలేదేంటే?" అని కేకలేసింది. వాళ్ళు రావాల్సింది రేపు.

ఈ సంగతి ఎవరికీ చెప్పనని అమ్మకు మాటిచ్చాను. అందుకే చెప్పట్లేదు, రాస్తున్నాను. చదివి చించెయ్యండి. రేపు కెమెరా తీసుకుని తప్పకుండా రండి. ఈసారి పళ్ళన్నీ కనపడేలా నవ్వుతానంటోంది అమ్మ. మీరు మాత్రం నవ్వకండి.