చిన్న గుండు, దుప్పటి కప్పిన రాయి

మంగళవారం

జోలీలే సోమానా, స్పేర్ పార్ట్స్ కొట్టు యజమానీ,

నువ్వు నాకు చిన్న గుండు అంటగట్టావు. ట్రైలర్ తగిలించడానికి పికప్ వెనక బిగించే గుండు యాభై మిల్లీమీటర్లది అడిగాను. నలభై ఏడున్నరది చేతిలో పెట్టి, "కాస్త గ్రీజు రాయి, కూర్చుంటుంది" అన్నావు. కూర్చోలేదు. ఏటి దిగుడులో పికప్ ముందుకెళ్ళింది, ట్రైలర్ గోతిలోకెళ్ళింది. అప్పుడైనా పట్టి ఉంచాల్సిన గొలుసుకి నువ్విచ్చిన కొక్కెంలో పిన్ను లేదు.

ట్రైలర్లో ఉన్నది మా అమ్మ సమాధి రాయి. అమ్మ పేరు నోంబులెలో. మూడేళ్ళు కోళ్ళ ఫ్యాక్టరీలో ఈకలు పీకి, సిపాటో మేస్త్రీ చేత చెక్కించాను. శనివారం ఆవిష్కరణ. రాయి పగిలిందో లేదో తెలీదు. దుప్పటి కప్పి తాళ్ళతో కట్టేసి ఉంది, ఆ రోజు దాకా విప్పకూడదు. లోపల ఏదో గలగలమంటోంది.

సరైన గుండు, పిన్నున్న కొక్కెం రేపు ఇటొచ్చే షేర్ టాక్సీలో పంపు. నీ కొట్లో "ఫిర్యాదులు రాతపూర్వకంగా మాత్రమే" అని బోర్డుంది కాబట్టి రాస్తున్నాను. ఏటి దగ్గర సిగ్నల్ కూడా లేదు.

వుయానీ

తా.క. రాయిని ఒంటరిగా వదలకూడదని మా మేనమామ పక్కనే గొడుగేసుకుని కూర్చున్నాడు. "ఆలస్యమవుతోంది చెల్లీ, తప్పు వాడిదే" అని అమ్మకి చెబుతున్నాడు. ఆ "వాడు" నువ్వే.

బుధవారం

తోలో వంశపు బిడ్డ వుయానీకి,

మీ అమ్మగారి ఆత్మకు శాంతి కలగాలని కోరుతూ జోలీలే సోమానా రాయునది. గుండులో లోపం లేదు నాయనా. నీ ట్రైలర్ ముందు, గుండు మీద కూర్చునే ఇనుప కప్పు అరిగి వదులైంది. అయినా మా కొట్టు మర్యాద కొద్దీ, ఆ గుండుకి అచ్చంగా సరిపోయే కొత్త కప్పు పంపుతున్నాను. బిగించుకో. రాయికి నష్టం జరిగిందంటే మాత్రం ఫోటో కావాలి. దుప్పటి లేకుండా.

మీ శ్రేయోభిలాషి,
జోలీలే సోమానా

తా.క. ఎర్ర రిఫ్లెక్టర్లు ఆరు ఉచితం. వెనకనుంచి ఎవరూ గుద్దకుండా.

గురువారం

దుప్పటి లేకుండా ఫోటోనా? నీకు అమ్మ లేదా?

కప్పు అందింది. దాని బోల్టు రంధ్రాలు నా ట్రైలర్ రంధ్రాల మీదికి రావు. నేను అడిగింది పెద్ద గుండు, నువ్వు పంపింది చిన్న కప్పు. కాలికి చెప్పు చిన్నదైందంటే కాలు మార్చుకోమంటావా? వెల్డింగ్ నాకెవరూ నేర్పలేదు, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. కానీ ఏటి ఒడ్డున కరెంటు ఎవరిస్తారు, నువ్వా?

వేరే బండిలో వేద్దామంటే మా మేనత్త ఒప్పుకోదు. "ఇంటికి బయల్దేరిన మనిషిని సగం దారిలో దింపి ఇంకో బండి ఎక్కిస్తార్రా?" అంటుంది. రెండు వందల మంది వస్తున్నారు. విందుకి ఆవుని కొనేశాం. యాభై గుండు పంపు.

వుయానీ

తా.క. రిఫ్లెక్టర్లని మామయ్య గొడుగుకి అంటించుకున్నాడు. దారిన పోయే ప్రతి బండీ ఆగి ఏమైందని అడుగుతోంది. ఆయన అందరికీ నీ కొట్టు పేరు చెబుతున్నాడు.

గురువారం సాయంత్రం

వుయానీ,

కోపం తగ్గించుకో. యాభై గుండు సోమవారం దాకా రాదు. ఫోటో వద్దులే, రాయకూడనిది రాశాను. నా భార్య థెంబెకా రాయి కూడా మీ మేస్త్రీ సిపాటోనే చెక్కాడు. పోయిన వారమే తెచ్చుకున్నాను, కొట్టు వెనక గదిలో ఉంది. వచ్చే నెల ఆవిష్కరణ. నేనూ విప్పలేదు. పొద్దున్నే కొట్టు తెరిచే ముందు దుప్పటి మీద చెయ్యి వేసి నాలుగు మాటలు చెప్పుకుంటాను, అంతే. అందుకే చెబుతున్నాను, సిపాటో రాయి చిన్న దెబ్బకి పగలదు. కార్యక్రమం ఒక వారం వాయిదా వేసుకోండి.

జోలీలే

తా.క. మీ మామయ్య కొట్టు పేరు చెప్పేటప్పుడు ఫోను నంబరు కూడా చెప్పమను.

ఆదివారం

జోలీలే సోమానా,

వాయిదా వెయ్యలేదు. శుక్రవారం మేనత్త ఎడ్లని తెప్పించింది. రెండు కొమ్మలుగా చీలిన చెట్టు మానుతో చేసిన, చక్రాల్లేని ఈడ్పు బండి. "చక్రాల్లేవు, కాబట్టి ఇది బండి కాదు" అంది. గుండు లేదు, కప్పు లేదు, పిన్ను లేదు. ఒక్క తోలు తాడు. ఎక్కడా ఊడలేదు.

శనివారం అందరి ముందు పాస్టరు దుప్పటి లాగాడు. నువ్వడిగిన ఫోటో ఇందులో పెట్టాను. దుప్పటి లేకుండానే.

చదివావా? "థెంబెకా సోమానా." పక్కనే నీ పేరు కూడా చెక్కి ఉంది, పుట్టిన తేదీతో సహా. పోయిన తేదీ దగ్గర ఖాళీ. సిపాటో అన్ని రాళ్ళకీ ఒకే గోధుమరంగు దుప్పటి కప్పుతాడు, విప్పి చూసే వీలు ఎవరికీ లేదు. గలగలమన్నది పూలకుండీ. ముక్కలైంది. ఒక మూల విరిగింది, నీ పేరు వైపు. నువ్వమ్మిన గుండు పడేసింది నీ భార్యనే.

జనం తిని వెళ్ళిపోయారు. మా అమ్మ సమాధి ఇంకా మట్టిగానే ఉంది. నువ్వు వారంగా రోజూ చెయ్యి వేసి మాట్లాడుతున్నది నీ వెనక గదిలో ఉన్న మా అమ్మతోనే. ఏం చెప్పావో నాకు తెలీదు. మంచిగానే చెప్పి ఉంటావు.

థెంబెకమ్మని మళ్ళీ దుప్పటి కప్పి మా ఇంట్లో పెట్టాం. మామయ్య పక్కనే కూర్చున్నాడు. "మీ ఆయన వస్తాడమ్మా" అంటున్నాడు.

మా అమ్మని నువ్వే తీసుకురా. యాభై గుండుతో, పిన్నున్న కొక్కెంతో. ఎప్పుడొస్తావో బుధవారం మధ్యాహ్నం టాక్సీలో జవాబు రావాలి.

వుయానీ

తా.క. రాకపోతే నీ పేరు పక్కన ఖాళీగా ఉన్న తేదీ నేనే నింపుతాను. ఉలి పట్టడమూ నాకెవరూ నేర్పక్కర్లేదు. బుధవారం.